పుట్టింటి తొట్టి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా హైమవతి వదిన నోరు మంచిది కాదు, అయినా ఊరంతా ఆవిడకి మంచిదే. పాలవాడు మొదలుకుని పైవాటా పోలీసాయన దాకా అందరూ ఆవిడ చేత చీవాట్లు తిన్నవాళ్ళే, మర్నాడు మళ్ళీ గుమ్మంలోకొచ్చి "అమ్మగారూ, బజారుపనేమైనా ఉందా?" అని అడిగేవాళ్ళే. నేను పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య చలపతి ఇంట్లోనే ఉంటాను. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను దెప్పని రోజు లేదు, నేను తినకుండా ఆవిడ తిన్న రోజూ లేదు. ఆడపడుచు అర్ధమొగుడని ఎవరైనా అంటే, "మా సుభాషిణి అర్ధం కాదమ్మా, మొగుడున్నర" అనేది.

ఆవేళ పొద్దున్న స్టవ్ ముందు నిలబడి చేతిలో ఉన్నది పైకెత్తి చూపించింది.

"అమ్మాయ్, దీన్నేమంటారే?"

"గరిటె, వదినా."

"నాకు తెలుసులే. నీకు తెలుసో లేదోనని."

నవ్వేశాను. పోత రోజున ఇది మామూలే. మరుపు జ్వరం వచ్చి తగ్గిన మనిషి బుర్ర సన్నచిల్లు పడ్డ బిందె లాంటిది. నింపితే ఓ పదిరోజులు ఆగుతుంది, ఆపైన కారిపోవడం మొదలు. ముందు వస్తువుల పేర్లు, తర్వాత వీధులు, తర్వాత మనుషులు. అందుకని పదేసి రోజులకోసారి మా జ్ఞాపకాల కేంద్రానికొచ్చి మళ్ళీ నింపించుకోవాలి. దాన్నే అందరూ పోత అంటారు. వదినకి ఆ జ్వరం డిగ్రీ చదివే రోజుల్లో వచ్చింది. అప్పట్నించీ పోయించుకుంటూనే పెళ్ళి చేసుకుంది, కాపురం చేసింది, మా అమ్మానాన్నల్ని సాగనంపింది, మమ్మల్నిద్దర్నీ ఏలుతోంది.

"ఊ, అడుగు మరి," అంది పోపు వేస్తూ.

ఇదో ఆనవాయితీ మాకు. ఎంత కారిందో చూసుకోవడానికి నేనడగాలి, ఆవిడ చెప్పాలి.

"పుట్టింటిపేరు?"

"ఇవటూరివారు. మీ నేమానివాళ్ళ కంటే నాలుగాకులు ఎక్కువే చదివారు."

"అమ్మ పేరు?"

"భ్రమరాంబ."

"వరదొచ్చినప్పుడు?"

ఈ ఒక్కదానికీ పొయ్యి తగ్గించి మరీ చెప్తుంది. "గోదావరి గట్టు తెగింది. నాన్న మా ఇద్దర్నీ అటకెక్కించి పడవ కోసం వెళ్ళాడు. ఆవకాయ జాడీల మధ్య అమ్మా, నేనూ. నిద్దట్లో దొర్లి నీళ్ళల్లో పడిపోతానని, నా జడ తన కొంగుకి ముడేసుకుంది. నేను కదిలినప్పుడల్లా 'ఉన్నావా తల్లీ' అంటూనే ఉంది తెల్లారేదాకా. తలంతా ఒకటే లాగుడు. లాగుతోందే అమ్మా అని ఏడిస్తే, లాగనీ, లాగుతున్నంతసేపూ నువ్వు నా దగ్గరున్నట్టు అంది."

"ఏమీ కారలేదు. మధ్యాహ్నం అన్నయ్యతో వచ్చెయ్," అని చెప్పి డబ్బా తీసుకుని బయల్దేరాను.

రుషికొండ దాటాక కొండ మీద మా కేంద్రం. ఆ వానాకాలం జ్వరం మళ్ళీ తిరగబెట్టింది. వరండా నిండా మంచాలు, మంచాల మధ్య చాపలు, చాపల మీద చంటిపిల్లల తల్లులు. నేను లోపలికి అడుగు పెట్టానో లేదో, పైడితల్లి నా కొంగు పట్టుకుంది. ఆనందపురం జంక్షన్లో పంచర్లు వేసే గొర్లె అప్పలకొండ భార్య ఆవిడ.

"అమ్మా, మా ఆయనకి తొట్టి దొరికినాదా, నేదా? రాత్తిరి నుంచీ జొరం దిగిపోతన్నాది. తగ్గిపోతే తియ్యడం అవదని డాకటేరుబాబు సెప్పినారు."

"చూస్తున్నానమ్మా. ఇవాళ ఏదో ఒకటి చేస్తాను."

"నన్ను మర్సిపోతే ఫర్నేదమ్మా. పిల్లల్ని మర్సిపోతే నానేటి సేసేది?"

డాక్టరు చెప్పింది నిజమే. జ్వరం ఉన్నన్నాళ్ళూ జ్ఞాపకం చెక్కుచెదరదు. ఆ నాలుగు రోజుల్లోనే మనిషి తలలో ఉన్నదంతా నకలు తీసెయ్యాలి. దాన్ని మూలం అంటాం. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ కొత్తగా చేరిన ముక్క మాత్రం రాసుకుంటాం. అది తేడా. మూలం పరిచి, దాని మీద తేడాలన్నీ వరసగా పేర్చి పోస్తే మనిషి మనిషిగా లేస్తాడు. ఇవన్నీ దాచే చోట్లనే తొట్లంటాం. ఆ తొట్లు చూసుకోవడమే నా పని.

అప్పలకొండ ఏ మహానుభావుడో అనుకునేరు. నూటమూడు జ్వరంలో కూడా ఎవడో తన చెప్పులు కొట్టేశాడని నర్సుల్ని చెడామడా తిడుతున్నాడు. పైడితల్లి ఒక పక్క ఆయన్ని కసురుతూ, ఇంకో పక్క వాళ్ళకి దణ్ణాలు పెడుతోంది.

మా పెద్దాయన డాక్టర్ వరాహమూర్తి నన్ను గదిలోకి పిలిచాడు. మొహం పీక్కుపోయి ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. తెగించి ఒక మాట చెప్పాల్సి వస్తే మాత్రం కిటికీలోంచి సముద్రం చూస్తాడు.

"సుభాషిణిగారూ, కొత్త తొట్లు వచ్చేసరికి నెల పట్టేట్టుంది. అంతదాకా వీళ్ళు ఆగలేరు. వాడకంలో లేని పాత తొట్లు తీసెయ్యండి. కొత్త సాఫ్ట్‌వేర్ ఉందిగా, అదే వెతికిపెడుతుంది."

"పాతవాటి జోలికెళ్ళడం నాకు భయమండీ."

"భయమే. ఆ వరండా చూస్తే ఇంకా భయంగా ఉంది," అని కిటికీ వైపు తిరిగాడు.

మా తొట్లకి ఇంటిపేర్లుంటాయి. దీనికో కారణం ఉంది. ఒక ఇంట్లో పెరిగినవాళ్ళ జ్ఞాపకాల్లో సగానికి సగం ఒకటే. అవే గోడలు, అవే పండగలు, అవే తిట్లు. అందర్నీ ఒకే తొట్టిలో పెడితే ఆ కలిసినదాన్ని ఒక్కసారి దాస్తే చాలు, బోలెడు చోటు మిగులుతుంది. మొదట్లో ఇంటికొక తొట్టి ఇచ్చారు. ఆడపిల్లకి పెళ్ళైతే ఆపైన చేరే తేడాలు అత్తారింటి తొట్టిలోకి వెళ్తాయి. ఆ గోడలు, ఆ తిట్లే కదా ఇక మీదట. మూలం మాత్రం ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

వదిన పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఈ మాట వచ్చింది కూడా. అమ్మాయి మూలాన్ని కూడా మా తొట్టిలోకి మార్పించేద్దామని మా నాన్న అంటే, వాళ్ళ నాన్నగారు చేతులు జోడించారు. "బావగారూ, పిల్లని పాలల్లో చేతులు ముంచి ఇచ్చేశాను. దాని చిన్నతనాన్ని మాత్రం నా ఇంట్లో ఉండనివ్వండి," అన్నారు. పందిట్లో అందరూ కళ్ళొత్తుకున్నారు. నేనూ ఒత్తుకున్నాను. ఆ తర్వాత ఆ సంగతి అందరం మర్చిపోయాం.

కుర్చీలో కూర్చుని సాఫ్ట్‌వేర్ నడిపించాను. అది వెతికి, ఎవరూ వాడని తొట్లని ఒక్కొక్కటే చూపించింది. ఏళ్ళ తరబడి ఒక్క తేడా కూడా చేరలేదు, ఆ ఇంటిపేరుతో పోతకి వచ్చేవాళ్ళు లేరు, పంపిన నోటీసులు తలుపు తీసేవాళ్ళు లేక తిరిగొచ్చాయి. వంశాలు ఆగిపోయిన ఇళ్ళు. ఒక్కొక్క ఇంటిపేరూ పైకి చదివి, మనసులో దణ్ణం పెట్టుకుని మీట నొక్కుతున్నాను. మీట నొక్కడమంటే గిన్నె తోమినట్టు కాదు. ఆ చోటు ఖాళీ అని చెప్పడం, అంతే. పాతది అందులోనే ఉంటుంది, కొత్తది దాని మీద రాసుకుంటూ పోతుంది.

ఆరోదో ఏడోదో, ఇవటూరివారిది వచ్చింది.

చెయ్యి ఆగింది. ఆగలేదని అబద్ధం చెప్పను. అయ్యో, వదిన పుట్టింటివాళ్ళు అనుకున్నాను. మావయ్యగారు పోయారు, ఆయన వెనకాలే అత్తయ్యగారు పోయారు, మగపిల్లలు లేరు, ఆ ఇల్లే కూలిపోయింది. దీపం పెట్టే దిక్కు లేకుండా పోయింది పాపం అనుకున్నాను. వదిన సంగతీ తట్టింది నాకు. తట్టి, వదినకేం, మా తొట్టిలో ఉందిగా అనుకున్నాను. నేమాని హైమవతి, మా ఇంటి మనిషి. కంప్యూటర్ కూడా అదే చెప్పింది, ఈ తొట్టికి సంబంధించినవాళ్ళు ఎవరూ లేరని. దణ్ణం పెట్టుకుని నొక్కేశాను.

ఆ చోటు అప్పలకొండకి వెళ్ళింది. ఆయన్ని మంచంతో సహా లోపలికి తీసుకెళ్తుంటే పైడితల్లి పరుగెత్తుకొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నా అంత పుణ్యాత్మురాలు లేదనుకున్నాను ఆ క్షణాన. అన్నం సహించింది కూడా.

మధ్యాహ్నం వదిన వచ్చింది. ఎంత పోత రోజైనా చీర కుచ్చిళ్ళలో ఒక్కటీ చెదరదు. పోత కుర్చీలో కూర్చుంటూ, "ఇవాళైనా తలకి నూనె రాయకుండా పెట్టండే ఆ తీగల టోపీ," అని నర్సుని ఒకటి అంటించింది. ముందు ఈ పదిరోజుల తేడా తీసుకున్నారు. అది బాగానే జరిగింది. తర్వాత పోత మీట నొక్కారు. గుయ్యిమని మోగాల్సిన మెషీను మోగలేదు. తెర మీద ఒక్కటే మాట: మూలం దొరకలేదు.

నర్సు మళ్ళీ నొక్కింది. అదే మాట.

ఆ క్షణంలో అంతా కళ్ళకి కట్టినట్టు కనపడింది. ఆ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్ తొట్టిలో రాసేవాళ్ళని లెక్కపెట్టింది గానీ, అందులోంచి చదువుకునేవాళ్ళని లెక్కపెట్టలేదు. వదిన ఇన్నేళ్ళుగా మా తొట్టిలో రాస్తోంది, పుట్టింటి తొట్టిలోంచి చదువుకుంటోంది. కంప్యూటర్‌కి తట్టలేదు, మగవాళ్ళు కాబట్టి వరాహమూర్తిగారికీ, దాన్ని తయారుచేసినవాళ్ళకీ తట్టలేదు. పుట్టిన ఇల్లు దాటి ఎరగని నాకూ తట్టలేదు. పెళ్ళైన ఆడది ఒక్కర్తి ఆ కుర్చీలో కూర్చుని ఉంటే ఠక్కున అడిగి ఉండేది, ఈ ఇంటి ఆడపిల్లలెక్కడున్నారూ అని.

తొట్ల గదిలోకి పరుగెత్తాను. నా వెనకే వరాహమూర్తిగారు, ఆయన వెనక అన్నయ్య. తెర మీద నీలిగీత నెమ్మదిగా కిందికి దిగుతోంది, అప్పలకొండ మూలం.

"సగం దాకా వచ్చింది," అన్నాడు వరాహమూర్తి నీరసంగా. "మిగతా సగంలో పాతది ఇంకా ఉంది."

"ఆపితే దక్కుతుందా?"

"ఆ సగం దక్కుతుంది. ఏ సగమో చెప్పలేను. కానీ ఆపితే అప్పలకొండది మధ్యలో తెగుతుంది. మళ్ళీ మొదలెట్టడానికి ఇంకో తొట్టి లేదు. పొద్దున్న ఖాళీ చేసినవన్నీ ఇచ్చేశాం, అన్నిట్లోనూ మనుషులే ఉన్నారు. ఆయనకి జ్వరం తొంభైతొమ్మిదికి దిగింది. సాయంత్రానికి ఆయన దగ్గర తియ్యడానికేమీ ఉండదు."

"ఏం చెయ్యమంటారు చెప్పండి."

ఆయన కిటికీ కోసం చూశాడు. ఆ గదికి కిటికీ లేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమండీ," అన్నాడు గొణుగుతున్నట్టు.

"కాలింది మీ చేతులు కాదు," అని అరిచాను.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. టోపీ తీసేసుకుని, జుట్టు చెదిరిపోయి. మా మాటలన్నీ విన్నట్టుంది.

"మా అమ్మ అందులో ఉందా?" అంది ఆ గీతని చూపిస్తూ.

నేను తలూపాను.

"అయితే ఆపు."

"వదినా, అవతల ఒక మనిషి..."

"ఆ మనిషెవరో నాకు తెలీదు. పాపమో పుణ్యమో నాకు తెలీదు. నాది నాకు కావాలి, సుభా. సగమైనా ఇవ్వు, ఏ సగమైనా ఇవ్వు. ఆపవే."

అన్నయ్య నా భుజం పట్టుకుని ఊపేశాడు. "ఆపమ్మా! దేనికాలోచిస్తున్నావు? మన మనిషి కదే, ఆపు!"

ఆపే మీట నా ముందే ఉంది. అద్దంలోంచి అవతలి గది కనిపిస్తోంది. అప్పలకొండ టోపీ పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పైడితల్లి పసుపుగుడ్డలో సింహాచలం అప్పన్నకి ముడుపు కడుతోంది. నన్ను చూసి నవ్వింది. నా వెనక ఏం జరుగుతోందో ఆవిడకేం తెలుసు!

అప్పుడు వదిన వంగి నా కాళ్ళు పట్టుకుంది.

మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు ముట్టుకోరు. పొరపాట్న తగిలితేనే చిన్నవాళ్ళకి ఆయుక్షీణమంటారు. మా అమ్మ మంచాన పడితే ఎత్తి పడుకోబెట్టిన చేతులవి, ఇన్నేళ్ళూ నాకు వడ్డించిన చేతులవి. ఆ చేతులతో నా పాదాలు పట్టుకుని, "నాది నాకిచ్చెయ్యవే, నీకు దణ్ణం పెడతాను, నాది నాకిచ్చెయ్," అని కాళ్ళావేళ్ళా పడి ఏడ్చింది.

నా చెయ్యి లేవలేదు. తేల్చుకుని ఆగానో, తేల్చుకోలేక ఆగిపోయానో ఈరోజుకీ నాకు తెలీదు. అవతల ఉన్నది బతికున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, పొద్దున్న నేనే నా చేత్తో చోటిచ్చాను. నా కాళ్ళ దగ్గరున్నది నా ప్రాణం. నీలిగీత అడుగుకి దిగింది. అప్పలకొండ లేచి కూర్చుని, తన చెప్పులు దొరికాయా అని అడిగాడు.

ఆ వారమంతా ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరే పోతకి వచ్చి కుర్చీలో కూర్చోవడం, మూలం దొరకలేదని తెర చెప్పడం. నేను మొక్కి మరీ తుడిచేసిన ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో ఆడపడుచులున్నారు, అత్తారిళ్ళల్లో వేరే పేర్లతో హాయిగా బతుకుతూ. మగవాడొక్కడికీ ఏమీ కాలేదు. చదువుకునేవాళ్ళని కూడా లెక్కపెట్టేట్టు సాఫ్ట్‌వేర్ మార్పించామని వరాహమూర్తి చెప్పాడు. ఎవరికి కావాలి! నేను ఉద్యోగం మానేశాను. మానేస్తే ఏమొస్తుంది, నా మొహం.

ఇంట్లో వదిన నాతో మాట మానేసింది. కంచం మాత్రం వేళకి నా ముందు టక్కుమని పెట్టేది. తను పోగొట్టుకోబోయేదంతా అన్నయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని రోజంతా చెప్పేది. అన్నయ్య ఫోన్లో రికార్డు చేసేవాడు. నేను తలుపు పక్కన నిలబడి వినేదాన్ని. ఒకే కథని మళ్ళీమళ్ళీ చెప్పేది, కారిపోకుండా దారికడ్డంగా చెయ్యి పెట్టినట్టు. కానీ అది కారుతూనే ఉంది.

వరద కథలోంచి ముందు ఆవకాయ జాడీలు పోయాయి. మర్నాటికి నాన్న, పడవ పోయాయి. ఆ తర్వాత గోదావరి పోయింది. "ఎక్కడో ఎత్తుగా ఉన్నామండీ... చీకటిగా ఉంది..." అని ఆగిపోయేది. చివరికి అమ్మ కూడా పోయింది. తల పట్టుకుని కూర్చుని, "ఎవరో నా జడ లాగుతున్నారండీ. ఎవరో చూడండి," అనేది. అన్నయ్య వెనక్కి వెళ్ళి నిలబడి, "ఎవరూ లేరు హైమా," అనేవాడు. ఒకరోజు ఆ లాగుడు కూడా ఆగిపోయింది. ఆవేళ నెమ్మదిగా నిద్రపోయింది. నేనూ అన్నయ్యా వంటింట్లో కూర్చుని ఏడ్చాం.

మర్నాటికి ఆవిడకి అన్నయ్య ఎవరో తెలీలేదు. పోస్తే తలలో మిగిలున్నది కూడా చెరిగిపోతుందని అన్నాళ్ళూ ఆగాం. ఇంక దాచుకోవడానికేమీ లేదు కాబట్టి, ఉన్న తేడాలతోనే పోసి చూద్దామన్నాడు వరాహమూర్తి. పాత బట్ట లేకుండా కుట్లు మాత్రమే పోగేసినట్టు, నిలబడుతుందో లేదో తెలీదన్నాడు. ఆ పదిరోజుల తేడా కూడా తీసి కలిపి పోశారు.

నిలబడింది. కళ్ళు తెరిచి, "ఏవండీ, కాఫీ తాగారా? మొహం అలా ఉందేం?" అంది. అన్నయ్య కుర్చీ కోడు పట్టుకుని అక్కడే కూలబడిపోయాడు. నన్ను చూసి, "అమ్మాయ్, ఆ జాకెట్టేమిటే, సంచీలా ఉంది!" అంది. దేవుడున్నాడనుకున్నాను. ఆ ఒక్క పూట అనుకున్నాను.

ఇంటికొచ్చాక తెలిసింది. ఆవిడ మా ఇంటి మనిషిగా మిగిలింది, అంతే. మా ఇంట్లో అడుగుపెట్టాక మారినదీ, చేరినదీ మాత్రమే ఉంది. మా అమ్మ నేర్పిన కూరలన్నీ వండుతుంది. పనసపొట్టు తెచ్చిపెడితే దాన్నేం చేస్తారని అడిగింది. వాళ్ళమ్మ నేర్పిన పనసపొట్టు కూర వదిన వండితే మా వీధి వీధంతా వాసన పట్టేది. పేపరు తిరగేస్తుంది గానీ చదవదు, అక్షరాలు చిన్నప్పుడు నేర్చుకున్నవి కదా. అన్నయ్య ఒకరోజు ఆశపడి ఫోన్లో రికార్డు వినిపించాడు. కాసేపు విని, "ఎవరి గోలండీ ఇది, కట్టెయ్యండి, కుక్కరు కూత వినపడట్లేదు," అంది. మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు అన్నయ్య.

ఓసారి ఆనందపురం వైపు వెళ్ళినప్పుడు అప్పలకొండ కొట్టు ముందు ఆగాను. ఆయన ఎవరో లారీ డ్రైవరు మీద గొంతు చించుకుంటున్నాడు. ఆయన చిన్నకూతురు వీపు మీద ఎక్కి చెవులు పట్టుకుని ఊగుతోంది. ఆయన్ని చూస్తే నాకు కోపమూ రాలేదు, సంతోషమూ రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో, పైడితల్లి చూసి పిలిచేలోపు వచ్చేశాను.

ఒక మధ్యాహ్నం వదిన బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి వెక్కివెక్కి ఏడ్చింది. పరుగెత్తుకెళ్ళాను.

"ఎవరో పోయారమ్మాయ్," అంది. "బాగా దగ్గరివాళ్ళు. ఫోనొచ్చింది. నేను నేల మీద పడి దొర్లి ఏడ్చాను. మీ అన్నయ్య లేవనెత్తాడు, కారెక్కించాడు. అంతా తెలుస్తూనే ఉంది. ఎవరే పోయింది?"

"అమ్మ, వదినా."

"మీ అమ్మా?" కన్నీళ్ళలోంచే నవ్వింది. "ఛ, ఆవిడ పోతే నేనంత ఏడవలేదులే."

చాట నా వైపు జరిపింది, నేనూ ఏరడం మొదలెట్టాను. ఏరుతూ ఏరుతూ ఆవిడే అంది.

"ఇంకోటుంది. అడగాలో వద్దో తెలీక ఊరుకున్నాను. ఆ తెరల గదిలో నువ్వు కుర్చీలో కూర్చున్నావు. నేను నీ కాళ్ళు పట్టుకున్నాను. నాది నాకిచ్చెయ్యవే అని ఏడ్చాను. నువ్వివ్వలేదు."

బియ్యం గింజలు కనపడటం మానేశాయి నాకు. ఆ మాట మా ఇంట్లో అడుగుపెట్టాక చేరినదే కదా. తేడాలో భద్రంగా ఉంది.

"అవును, ఇవ్వలేదు," అన్నాను.

"తిట్టడానికి కాదే. అసలదేమిటో తెలీట్లేదు నాకు. అంతలా పడి ఏడ్చానంటే, ఏదో పెద్దదే అయ్యుంటుంది. ఏమిటే నాది?"

చాట పక్కన పెట్టి చెప్పాను. అన్నీ చెప్పాను. ఇవటూరివారని చెప్పాను, భ్రమరాంబగారని చెప్పాను. గట్టు తెగడం, అటక, ఆవకాయ జాడీలు. "నువ్వు నిద్దట్లో నీళ్ళల్లో పడిపోతావని మీ అమ్మ నీ జడ తన కొంగుకి ముడేసుకుంది. నువ్వు కదిలినప్పుడల్లా 'ఉన్నావా తల్లీ' అంది తెల్లారేదాకా," అన్నాను.

వదిన చెంపకి చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నది. కళ్ళు తుడుచుకుంది కూడా.

"ఎంత ప్రేమో చూడు ఆ తల్లికి," అంది. "అదృష్టవంతురాలే ఆ పిల్ల."

చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. మట్టిబెడ్డ ఒకటి ఏరి పక్కన పడేసి, నా మొహంలోకి చూసింది.

"సరేగానీ, నాదేమిటో చెప్పు."